ఆముదం మరక

రెండు వేల ఇరవై రెండు, డిసెంబరు తొమ్మిది. ఆ ఉదయం నేనూ, మా అత్తయ్య రత్నాలుగారూ మినపరొట్టె బెల్లంపాకంతో తిన్నాం. నా భార్య సరళ రెండు గుటకలు చోడంబలి తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. పాడేరు నుంచి విశాఖపట్నం ఆసుపత్రికి అదే ఆమె చివరి ప్రయాణమని మాకు తెలియదు.

మా కారుకి అప్పటికే పంతొమ్మిదేళ్లు. లోపల పైకప్పుకి అంటించిన బూడిదరంగు గుడ్డ ఏటేటా మంచుకి చెమ్మగిల్లి, ఊడి, కిందికి జారింది. ముందు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్న సరళ ముఖానికి జానెడు పైన ఊగుతుండేది.

"మన పెళ్లి షామియానా కూడా ఇంత పల్లంగా కట్టలేదండీ," అని నవ్వేది. తన చీర పిన్నీసులే తీసి అక్కడక్కడా గుచ్చింది.

అత్తయ్య నా సీటు వెనక కూర్చునేవారు. అల్లుడి ఎదట పడకూడదన్నది ఆవిడ పట్టింపు. కూతురికి జబ్బు చేశాక మా ఇంటికొచ్చి ఉన్నా, నాతో తలుపు చాటు నుంచే మాట్లాడేవారు. ఆ రోజు ఘాట్ దిగుతుంటే నా సీటు పైభాగం మీద ఏదో అదేపనిగా ఒత్తుకుంటోంది. మలుపుల మధ్య చిరాకేసింది.

"సరళా, మీ అమ్మగారిని సీటు మీంచి చెయ్యి తియ్యమను."

ఒత్తిడి పోయింది. వెనక్కి చూసే అద్దంలో జారిన గుడ్డ తప్ప ఏమీ కనపడేది కాదు.

ఆమె పోయాక ఆ గుడ్డ మార్చలేదు. ముందు సీట్లకి కాస్త వెనగ్గా దాని మీద ఒక నూనె మరక ఉంది. సరళ లేచి కూర్చున్నప్పుడల్లా తల అక్కడే తగిలేది. అది ఆమె తలనూనె అనుకున్నాను. కొన్ని సాయంత్రాలు కార్లో కూర్చుని ఆ మరక దగ్గర ముఖం పెట్టుకునేవాణ్ణి. ఆముదం వాసన. మూడేళ్లయినా పోలేదు.

ఈ ఫిబ్రవరిలో అత్తయ్యకి కంట్లో శుక్లం ఆపరేషను. తిరిగొచ్చేటప్పుడు కంట్లో నలుసు కూడా పడకూడదన్నారు డాక్టరు. మా కార్లోనేమో గుడ్డ వెనకున్న స్పాంజి పసుప్పచ్చని పొడిలా రాలుతోంది. నేనే బ్రష్షుతో సొల్యూషన్ రాసి గుడ్డ అంటించాను. ముప్పై ఏళ్లు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. తెల్లారేసరికి గుడ్డ మళ్లీ జారి ఉంది.

ఆపరేషను ముందురోజు గంగాభవాని మా ఇంటికొచ్చింది. సంతబయలు పక్కన సీటు కవర్లు కుడుతుంది.

"ఈ సొల్యూసన్ రాసినోడెవడండీ మేస్టారూ?"

"నేనే."

"మీరా! అయితే తిట్టనులెండి. గుడ్డ స్పాంజికే అతుక్కున్నాది. మరా స్పాంజి దేన్నట్టుకుంటాది? బుగ్గయిపోనాది. ఈ గుడ్డ పీకేసి, దానెనకున్న అట్ట గీకేసి, కొత్తది ఎయ్యాల."

"పాత గుడ్డే మళ్లీ వెయ్యలేవా?"

"ఏటుందండీ ఇందులో?"

మరక చూపించి చెప్పాను.

"ఈ ముక్క కోసి ఇత్తాను. దాసుకోండి."

ఆ రోజు మంచు తొందరగా విడిపోయింది. సొల్యూషన్ ఆరడానికి ఎండ కావాలి, ఆ ఎండ దొరికింది. ఆమె కారు లోపలి దీపం విప్పి, తలుపుల చుట్టూ రబ్బరు లాగి, పైకప్పు అట్టని వెనక తలుపులోంచి బయటికి తీసింది. గుడ్డ మెల్లగా ఒలిచి చాప మీద పరిచింది. కత్తెర పట్టుకుని ఆగిపోయింది.

"మేస్టారూ, ఇది తల మరక కాదండి. సెయ్యి."

వంగి చూశాను. ఐదు వేళ్లు. ఒకదాని మీద ఒకటి, ఎన్నోసార్లు పడ్డ ఐదు వేళ్లు. గంగాభవాని తన అరచెయ్యి వాటి మీద ఆనించి చూసింది.

"ఎనక సీటు నించి ఎవరో ఎత్తిపట్టుకున్నారు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ప్రయాణాల నాటికి సరళకి జుట్టే లేదు. మందులకి రాలిపోయింది. ఆమె దువ్వెన తీసి బీరువాలో పెట్టింది నేనే. ఎలా మరిచిపోయాను? దారిలో ఆగినప్పుడల్లా కూతురి అరికాళ్లకి ఆముదం రాసేది అత్తయ్య.

గుమ్మం దగ్గరికి వెళ్లాను. తలుపు వెనక చీర అంచు కనపడుతోంది.

"అత్తయ్యా, ఈ గుడ్డ మీరు పట్టుకునేవారా?"

అక్కణ్నించే జవాబొచ్చింది. "పిన్నీసులు అంచునే ఆగీవి బాబూ. నడుమ జారిపోయీది. మొకం మీద పడితే మా సరళ గుంటకి ఊపిరాడదని బెంగ."

"దారంతానా?"

"సెయ్యి మార్సుకునీదాన్ని."

"సరళ నాతో ఒక్కసారీ అనలేదు."

"సెప్పొద్దంది. ఘాట్లో తోలీ మనిసి కళ్లు రోడ్డు మీదే ఉండాలంది."

"ఆ రోజు నేను సీటు మీంచి చెయ్యి తియ్యమన్నాను."

"తీసేసేను కదా," అన్నారు.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. డెబ్బై ఏళ్ల చెయ్యి, మోచేతికి ఆనుకోను ఏమీ లేకుండా, ఆ మిగిలిన మలుపులన్నీ అలాగే ఎత్తి ఉందన్నమాట.

"కొయ్యమంటారేటండీ?" గంగాభవాని అడిగింది.

నేను చెప్పేలోపే లోపల్నించి, "ఎందుకు బాబూ, పారెయ్యమనండి. పొడి రాల్తాది," అన్నారు అత్తయ్య.

గుడ్డ నేనే మడిచి పాత గోనెసంచిలో పెట్టి ఇచ్చేశాను. పిన్నీసులు మాత్రం తీసి జేబులో వేసుకున్నాను. గంగాభవాని మధ్యాహ్నం దాకా అట్ట గీకింది. కొత్త గుడ్డని నడుమ నుంచి అంచులకి, ఉత్త అరచేత్తోనే ఒత్తుకుంటూ వచ్చింది. ఒక్క ముడత పడలేదు.

పొద్దు వాలాక అత్తయ్య తలుపు చాటు విడిచి బయటికొచ్చారు. తెల్లబడ్డ కళ్లతో తడుముకుంటూ వెళ్లి, కార్లో తన పాత చోటులోనే కూర్చున్నారు. కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. గుడ్డ కిందికి రాలేదు. పట్టుకోవలసిందేమీ లేకపోయినా ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. నేను పక్కనే నిలబడ్డాను. కొంగు తల మీదికి లాక్కోలేదావిడ.

"నిలిసింది బాబూ."

"రేపు ముందు సీట్లో కూర్చోండి అత్తయ్యా. కాళ్లు చాపుకోవచ్చు."

చెయ్యి దించుకుని, నెమ్మదిగా దిగారు. మళ్లీ మంచు దిగుతోంది. కారు తలుపుని రెండు చేతులతో, చప్పుడు కాకుండా ఒత్తి మూశారు.