ఘల్దూర్ ఇంటి వాక్యం

"గొంతు పెంచకే ఇస్రేనా! మీ నాన్నలాగే గొణిగేసి కూర్చో తల్లీ. ఆ పెద్దాయనకి కోపమొస్తే ఇక మన గుమ్మంలోకి ఒక్క తడిబొచ్చు రాదు. నాలుక పిడచకట్టి చస్తాం."

తెల్లారిందగ్గర్నుంచీ నోమ్రాది ఇదే పాట. కూతురు జడ వేసుకుంటూ, "ఇప్పుడు మాత్రం వస్తోందేమిటి?" అంది.

నిజమే, రావడంలేదు. ఆ కొండలమీద వాన కురవదు. మబ్బుల్ని మేసే గొర్రెలు సాయంత్రానికి బరువెక్కి దిగివస్తే, వాటి బొచ్చు పిండుకుని ఇంటింటా నీళ్లు పట్టుకుంటారు. ఊరంతటికీ ఒకటే మంద. ఈ ఏడు ఆ మంద పైవీధి దాటి కిందికి రావడం మానేసింది. ఊరిపెద్ద ఘల్దూర్‌ని అడిగితే మబ్బులు పల్చబడ్డాయన్నాడు. ఆయన పెరట్లో మాత్రం కొత్తగా ఈతకొలను వెలిసింది.

ఆరోజు ఆదివాక్కు పారాయణం. అన్ని కొండలవాళ్లకూ దైవవాక్కు అదొక్కటే. అది ఎక్కడా రాసి ఉండదు. ఇంటికో వాక్యం పంచుకుని తరతరాలుగా నోట దాచుకున్నారు. ఒక ఇంటి వాక్యం మరో ఇంటివాళ్లు పలకకూడదు. అది పలికేదాకా తర్వాతిది కదలదు, అంతా ముగిసేదాకా ఎవరూ గంజి ముట్టకూడదు. 'దయ తేనెవంటిది' లాంటి తియ్యటి వాక్యాలన్నీ పైవీధివాళ్లు పిల్లనిచ్చో పుచ్చుకునో ఎప్పుడో తమవి చేసుకున్నారు. ఘల్దూర్ వంశానికి మాత్రం 'మందను మళ్లించినవాణ్ణి నేనే' అన్నది తగులుకుంది. ఎంత బతిమాలినా ఎవరూ మార్చుకోలేదు. చివరికి దాన్ని దగ్గులో కలిపేయడం ఆ ఇంటి ఆచారమైంది. పెద్దవాళ్ల దగ్గు కూడా పవిత్రమేనని పూజారి తేల్చాడు.

దానికి ముందు వాక్యం నోమ్రా ఇంటిది. మొగుడు పోయాడు గనక ఈ ఏడు కూతురి వంతు.

పూజారి సైగ చేయగానే ఇస్రేన్ లేచింది. నోమ్రా ఆమె శాలువా అంచు పట్టుకుంది.

"మందను మళ్లించినవాడెవడు?"

వెనకాల ఒక ముసలాయన నోరు తెరిచాడు. "ఓర్నీ, ఇదా ఆ వాక్యం! ఇన్నాళ్లూ ఏదో మంత్రమనుకున్నా."

ఘల్దూర్ దగ్గాడు. ఇస్రేన్ కూర్చోలేదు.

"దగ్గొచ్చింది పెద్దయ్యా. వాక్యం రాలేదు."

"గొంతు బాగోలేదమ్మాయ్."

"కాసిని నీళ్లు తాగండి. మీ ఇంట్లో ఉన్నాయిగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. పూజారి గొంతు సవరించుకున్నాడు. "దగ్గు చెల్లుతుందమ్మా, పూర్వులు ఒప్పుకున్నదే."

"మా వీధంతా దాహంతో దగ్గుతోందండీ పూజారిగారూ. మాదీ పారాయణమేనా మరి?"

నోమ్రా ఘల్దూర్ మొహంకేసి చూసింది. దారి కట్టేస్తాడు. ఇల్లు కూల్చేస్తాడు. పిల్లని లోయలోకి తోయించి, కాలుజారిందంటాడు. శాలువా లాగి కూతుర్ని కూర్చోబెట్టాలనుకుంది. 'తప్పయిందని చెప్పవే' అందామని నోరు తెరిచింది. ఎండిన నాలుక అంగిలికి అంటుకుపోయి మాట పెగల్లేదు. వేళ్లు మాత్రం అంచును వదల్లేదు, లాగనూలేదు.

పారాయణం అక్కడే ఆగింది. నీడలు పొడుగయ్యాయి. నాచుగంజి మీద మీగడ కట్టింది. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు. ఎప్పుడూ ఘల్దూర్ మాటకి తలూపే పైవీధి పెద్దమనుషులు ఇప్పుడు ఆయన వంకా, గంజి కుండల వంకా మార్చి మార్చి చూస్తున్నారు. భక్తి ఎంత ఉన్నా కడుపు కడుపే. ఘల్దూర్ గడ్డం ఛాతీకి ఆనించి, నిద్రపోయినవాడిలా కూర్చున్నాడు.

ఆయన పక్కనే నిజంగా నిద్రపోతున్న ఆయన తల్లి బెట్టవ్వ ఆకలికి మెలకువొచ్చి కళ్లు నులుముకుంది.

"ఎందాకా వచ్చిందర్రా?"

"మీ ఇంటి వాక్యం దగ్గర ఆగిందవ్వా. మీ ఇంట్లో ఎవరు పలికినా చెల్లుతుంది," అంది ఇస్రేన్.

"అమ్మా, వద్దు," అన్నాడు ఘల్దూర్, పెదవులు కదలకుండా.

బెట్టవ్వ కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది.

"మావాడేనర్రా," అంది అవ్వ చివరికి. "మందను మళ్లించింది మావాడే. రేపు వీడిచేతే మీ వీధికి తోలిస్తాను. ముందు ఆ గంజి పొయ్యండి."