శుభం పడిన తర్వాత

పెనుకొండ బస్టాండు వెనక సందులో ఇర్షాద్‌కు టీవీలు బాగుచేసే అంగడి ఉండేది. బేరాలు తగ్గి అంగట్లో ఈగలు తోలుకుంటున్న 2005లో, పాత పెళ్ళి క్యాసెట్లను సీడీలుగా మార్చే పని మొదలుపెట్టింది అతని భార్య ముంతాజ్. బోర్డు మీద పేరు మాత్రం ఇర్షాద్‌దే. ఊరంతా "ఇర్షాద్ సీడీలు" అనేవాళ్ళు. కాదని అతనూ చెప్పేవాడు కాదు. ఊరికే వచ్చే మంచిపేరు ఎవరికి చేదు?

నిజానికి ఆ పని నిలబడిందే ముంతాజ్ వల్ల. సాయిబుల ఇళ్ళ పెళ్ళి క్యాసెట్లలో ఆడవాళ్ళ వైపు తీసింది కూడా ఉంటుంది. పరాయి మగవాడు కూర్చుని దాన్ని చూస్తాడంటే ఏ ఇంటావిడా క్యాసెట్టు గడప దాటనివ్వదు. చూసేది ముంతాజ్ అని తెలిశాక హిందూపురం నుంచి, అగళి నుంచి కూడా బురఖాల చాటున పెట్టుకుని తెచ్చారు. అవి తిరుగుతున్నంత సేపూ వెనక గదిలోకి ఇర్షాద్‌కే ప్రవేశం లేదు. టీ గ్లాసు తలుపు సందులోంచి అందించి వెళ్ళిపోవాల్సిందే.

ఆమె ఓపిక గురించి చెప్పాలంటే ఇర్షాద్‌నే అడగాలి. బూజు పట్టిన టేపును మూరెడు మూరెడుగా లాగి, మెత్తని గుడ్డతో తుడిచి, మళ్ళీ చుట్టి పెట్టేది. అతనైతే పది మూరలకే విసిరి కొట్టేవాడు. ఒక్క విషయంలో మాత్రం ఆమె మొండితనం అతనికి నచ్చేది కాదు. ఎవరి టేపైనా చివరిదాకా తిరగాల్సిందే.

"శుభం పడినాక ఇంగేముంటాది, చుక్కలు తప్ప? కంప్యూటరు అర్ధగంట ఊరికే తిరగల్లనా?" అని పోరేవాడు.

"వాళ్ళు నమ్మి ఇచ్చింది టేపు. శుభం వరకే ఇయ్యల్యా కదా" అనేది.

 అతను గొణుగుతూ అంగట్లోకి పోయేవాడు.

అలాంటి రోజుల్లో ధర్మవరం నుంచి సంజీవప్ప అనే నేతగాడు ఒక క్యాసెట్టు తెచ్చాడు. తొంభైనాలుగులో జరిగిన అతని పెళ్ళిది. మూత ఎత్తితే గోధుమరంగు పొడి రాలింది.

"పెండ్లి సంగతి అట్లుండనీమ్మా. చీర చూడల్ల నేను" అన్నాడు. "పెండ్లికూతురి చీర మా నాయన నేసినాడు. అంచులో చిలక మెడ తిప్పి ఎనక్కి చూస్తాంటాది. కాగితం మీద గీసిపెట్టే అలవాటు లేదు ఆయనకు, అంతా తలకాయలోనే. మా పెండ్లయిన ఏడాదికే పోయినాడు."

"చీర ఇంట్లో లేదా అన్నా?" అంది ముంతాజ్.

సంజీవప్ప తల వంచుకున్నాడు. "కరువులో పాత పట్టుచీరలు కొనేవాడొస్తే నేనే ఇచ్చేస్తి. జరీ కోసం కాల్చేస్తారని తెలిసి కూడా. నా భార్య యశోదమ్మ ఒక్క మాట అనల్యా. అదే నన్ను తింటాండాది. మళ్ళా అట్లాంటిదే నేసి ఆమెకియ్యల్లని మూడుసార్లు చూస్తి. నా చిలక కట్టె మాదిరి ముందుకే చూస్తాది."

ముంతాజ్ టేపును వెలుతురులో పట్టి చూసింది. "ఇది ఒక్కసారే తిరుగుతాదన్నా. రెండోసారికి మాట ఇయ్యలేను."

నాలుగు రోజులు తుడిచింది. రెండుచోట్ల తెగితే వెంట్రుకవాసి తేడా రాకుండా అతికింది. టీవీల్లో ఇరవై ఏళ్ళు చెయ్యి పెట్టిన ఇర్షాద్, ఆ వేళ్ళను చూసి, తనకు ఈ జన్మలో ఆ పని చేతకాదని లోపల్లోపల ఒప్పుకున్నాడు. పైకి అనలేదు.

ఐదోరోజు మొదటి బస్సుకే సంజీవప్ప వచ్చాడు. ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. టేపు తిరిగింది, కంప్యూటరు ఎక్కించుకుంది. కానీ ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్ళకు హృదయం బొమ్మ కొత్తగా దొరికింది. పెళ్ళికూతురు కనపడితే చాలు, మొహం హృదయంలోకి పోయేది, మెడ కింద అంతా గులాబీలు కురిసేవి. పందిరి కనిపించింది, వంటవాళ్ళు కనిపించారు, బంతిలో పాయసం జుర్రుకునే బంధువులందరూ కనిపించారు. చీర అంచు మాత్రం కనిపించలేదు.

శుభం పడింది.

సంజీవప్ప తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "పోనీలేమ్మా. నువ్వేం చేస్తావు. నా రాత అట్లుండాది."

ఇర్షాద్ టేపు ఆపబోయాడు.

"ఉండు" అంది ముంతాజ్, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. "ఇంగా టేపుండాది."

చుక్కలు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. బస్సు తప్పిపోతుందని సంజీవప్ప గుమ్మం దాకా వెళ్ళాడు. అప్పుడు తెర ఒక్కసారి తుళ్ళి బొమ్మ పడింది. హృదయాలు లేవు, గులాబీలు లేవు. బనీను వేసుకున్న ఒక ముసలాయన మగ్గం దగ్గర కూర్చుని, కొత్త చీర ఒళ్ళో పరిచి, అంచును కెమెరాకు చూపిస్తున్నాడు. పెళ్ళిలో ఎక్కడా అతకదని మిక్సింగ్ చేసినవాడు చివర్లో పడేసినట్టున్నాడు. శుభం దాటి చూసినవాళ్ళు పదకొండేళ్ళలో ఒక్కరూ లేరు.

"ఇంగా దగ్గరికి తియ్యప్పా" అంటున్నాడు ముసలాయన. "ఇదో, చిలక మెడ తిరిగేకాడ రెండు పోగులు దాటియ్యల్ల. మావానికి ఇంగా నేర్పల్యా. పెండ్లి సంబరంలో ఉండాడు, ఇప్పుడు వానికి ఓపిక లేదు. ఎప్పుడన్నా చూసుకుంటాడు."

గుమ్మంలో ఉన్న సంజీవప్ప అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

టేపు చివరిదాకా తిరిగి ఆగింది. ముంతాజ్ కంప్యూటరులో ఎక్కిన బొమ్మను వెనక్కి తెచ్చి, అంచు నిండుగా కనపడేచోట నిలిపింది. బొమ్మ కదలకుండా నిలబడింది.

"నీ పుణ్యం ఇర్షాదన్నా" అన్నాడు సంజీవప్ప, కళ్ళు తుడుచుకుంటూ.

"నాది కాదప్పా" అన్నాడు ఇర్షాద్. ఈసారి గొణగలేదు. "నేనైతే శుభం కాడనే ఆపేసుంటి. ఈ పనంతా మా ముంతాజ్‌ది."

ముంతాజ్ కుర్చీ జరిపి చోటిచ్చింది.

సంజీవప్ప సంచిలోంచి గళ్ళ కాగితం, పెన్సిలు తీశాడు. కుర్చీ వద్దని, మగ్గం ముందు కూర్చున్నట్టు నేల మీదే కూర్చుని, తెర మీద నిలిచిపోయిన తండ్రి వేళ్ళ వైపు చూశాడు.

"ఇప్పుడు ఓపిక ఉండాది నాయనా" అన్నాడు. "నేర్పు."