పదకొండు కిలోమీటర్లు

సోమవారం పొద్దున్నే డ్రెస్సింగ్ రూమ్ తలుపు మీద ఒక కాగితం అంటించేవారు. శనివారం మ్యాచ్‌లో ఎవరు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారో అందులో ఉండేది. ఏప్రిల్ నుంచి జూలై దాకా, ఒక్క వారం తప్పకుండా, ఆ కాగితంలో అందరికంటే కింద ఉన్న పేరు రోకో మర్దేషిచ్‌ది.

రోకోకి పంతొమ్మిదేళ్లు. క్రొయేషియాలో స్ప్లిట్ రేవు నుంచి ఓడలో రెండు గంటలు పోతే వచ్చే విస్ దీవి వాడు. అక్కడి క్లబ్బు అతన్ని వదులుకుంది. న్యూజెర్సీలో రెండో అంచె లీగ్ ఆడే క్లబ్బొకటి, సరే చూద్దామని ఒక్క సీజన్‌కి తీసుకుంది. సీజన్ చివర కాంట్రాక్టు ఇస్తే ఉంటాడు, లేకపోతే వీసాతో పాటు ఫుట్‌బాల్ కూడా అయిపోయినట్టే. ఇంటికెళ్తే మామయ్య పడవలో వల లాగే పని సిద్ధంగా ఉంది. అది చెడ్డ పనేం కాదు, కానీ రోకోకి వద్దు.

అతను ఎందుకు పరుగెత్తడంటే, అవసరం లేక. మైదానం మధ్యలో నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పి, ఎవడెక్కడున్నాడో చూసుకుని, బంతి రాబోయే చోటికి నాలుగడుగులు ముందే నడిచి వెళ్లేవాడు. చూసేవాళ్లకి అది అదృష్టంలా కనిపించేది. కోచ్ విట్‌మర్‌కి మాత్రం ఒట్టి బద్ధకంలా కనిపించింది. ఆటగాళ్లంతా చొక్కా కింద ఒక బిగుతు బనీను వేసుకోవాలి. దాని వీపున ఉండే అగ్గిపెట్టెంత యంత్రం ప్రతి అడుగునీ కొలుస్తుంది. విట్‌మర్ తన కళ్లకంటే ఆ అగ్గిపెట్టెనే ఎక్కువ నమ్మేవాడు.

"పదకొండు కిలోమీటర్లు," అన్నాడు ఆగస్టు మొదట్లో రోకోని గదికి పిలిచి. "అంతకు తగ్గితే బెంచి మీద కూర్చుంటావ్."

రోకోకి అరికాలి మంట నెత్తికెక్కింది. పరుగే కదా నీకు కావాల్సింది, చూపిస్తానుండు అని పంతం పట్టాడు.

ఆ శనివారం కాలు కాలిన పిల్లిలా మైదానమంతా తిరిగాడు. బంతి కుడికి వెళ్తే తనూ కుడికే, ఎడమకి వెళ్తే తనూ దాని వెనకే. ఉండాల్సిన చోట మాత్రం ఒక్కసారి కూడా లేడు. అతను ఖాళీ చేసిన ఆ చోటునుంచే అవతలివాళ్లు దర్జాగా వచ్చి నాలుగు గోల్స్ కొట్టిపోయారు. ఇవతల సున్నా. సోమవారం కాగితంలో మొట్టమొదటి పేరు రోకోది, పన్నెండు పాయింట్ ఎనిమిది కిలోమీటర్లు. విట్‌మర్ అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు.

రోకోకి తల కొట్టేసినట్టయింది. ఓడిపోవడం అతనికి కొత్త కాదు. కానీ పుట్టి బుద్ధెరిగాక అంత చెత్తగా ఎన్నడూ ఆడలేదు, ఆ సంగతి అతనికి తెలుసు.

క్లబ్బు తన కుర్రాళ్లని ఖాళీ గది ఉన్న ఇళ్లలో ఉంచేది. రోకోకి ప్లెయిన్స్‌బరోలో దామోదర్, త్రివేణి అనే తెలుగువాళ్ల ఇల్లు వచ్చింది. దామోదర్‌ది సాఫ్ట్‌వేర్, త్రివేణిది మందుల కంపెనీలో ల్యాబ్ ఉద్యోగం. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టిన మాట కోపమొస్తే తెలుగులో పూర్తయ్యేది. రోకోకి ఆ గొంతు వింటే చాలు, విషయం అర్థమైపోయేది.

"ఏంటి నాన్నా, మొహం అలా మాడ్చుకున్నావ్?" అంది ఆ సాయంత్రం ఉప్మా ప్లేటు ముందు పెట్టి. రోకో జరిగిందంతా చెప్పాడు.

"నీ కోచ్‌ని మా ల్యాబ్‌లో ఒక్క వారం కూర్చోబెట్టాలి," అంది త్రివేణి. "టాబ్లెట్ తయారవుతుంది. వెయిట్ చెక్ చేస్తాం, పర్ఫెక్ట్. సైజు పర్ఫెక్ట్. తర్వాత అది కడుపులో కరుగుతుందా లేదా అని టెస్ట్ చేస్తాం. కరగలేదనుకో, వెయిట్ బాగుంది కదా అని రిలీజ్ చేస్తామా? బ్యాచ్ మొత్తం రిజెక్ట్!"

"మీ బాస్ ఊరుకుంటాడా, ఆంటీ?"

"ఎందుకు ఊరుకుంటాడు? పోయినేడు మీదమీదకొచ్చాడు, షిప్‌మెంట్ లేట్ అవుతోంది, సైన్ చెయ్యమని. అప్పుడు నా వీసా ఎక్స్‌టెన్షన్ కూడా వాడి చేతిలోనే ఉంది. చెయ్యనంటే చెయ్యనన్నాను. నువ్వు ముందు తిను, చల్లారిపోతోంది."

మర్నాడు రోకో విట్‌మర్ గదికి వెళ్లాడు. "ఇక మీదట నేను ఆడతాను. ఊరికే పరుగెత్తను," అన్నాడు. విట్‌మర్ అన్నంత పనీ చేశాడు. రోకో ఐదు వారాలు బెంచి మీదే కూర్చున్నాడు. ఎండకి మెడ కమిలింది, లోపల అంతకంటే ఎక్కువ కమిలింది. అయినా క్షమించమని అడగలేదు.

చివరి మ్యాచ్ సొంత మైదానంలో. ఒక గోల్ వెనకబడ్డారు. ఇంకా అరగంట ఉందనగా మధ్యలో ఆడేవాడికి చీలమండ మడతపడింది. ఆడించడానికి బెంచి మీద మిగిలింది రోకో, ఒక డిఫెండర్ మాత్రమే.

"వెళ్లు. పరుగెత్తు," అన్నాడు విట్‌మర్ రోకోతో.

రోకో లేచాడు కానీ గీత దాటలేదు. "పరుగెత్తను. నా ఆటే ఆడతాను. వద్దంటే అతన్ని పంపండి."

బెంచి మీద అందరూ గుడ్లప్పగించి చూశారు. అవతల రెఫరీ తొందరపెడుతున్నాడు. విట్‌మర్ పళ్లు కొరికి "పో" అన్నాడు.

రోకో నడిచాడు. స్టాండ్స్‌లోంచి కేకలు, ఈలలు. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియని దామోదర్ కూడా లేచి నిలబడ్డాడు. "పరుగెత్తరా నాయనా, కాంట్రాక్ట్ పోతుంది!"

త్రివేణి అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది. "ముందు మీరు కూర్చోండి. వాడు చూసుకుంటున్నాడు, కనపడట్లా?"

నిజంగానే చూసుకుంటున్నాడు. పావుగంట గడిచేసరికి అవతలివాళ్లు అతన్ని పట్టించుకోవడం మానేశారు. అప్పుడు బంతి నేరుగా అతని కాలి దగ్గరికే వచ్చింది. ఇద్దరి మధ్య జానెడు సందు అతను ముందే చూసి పెట్టుకున్నాడు. ఒక్క తాకు, బంతి ఆ సందులోంచి దూసుకెళ్లింది, ముందున్నవాడు గోల్ కొట్టాడు. ఎనిమిది నిమిషాల తర్వాత మళ్లీ అలాగే. రెండు–ఒకటి.

సోమవారం విట్‌మర్ బల్ల మీద కాంట్రాక్టు పెట్టాడు. రెండేళ్లకి. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: ప్రతి మ్యాచ్‌లో కనీసం పదకొండు కిలోమీటర్లు.

"అందరికీ ఉన్నదే. సంతకం పెట్టు," అన్నాడు విట్‌మర్.

సంతకం పెట్టేస్తే రెండేళ్లు నిశ్చింత. కలం అందుకుని, ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా కొట్టేసి, కింద సంతకం పెట్టి కాగితాలు అవతలికి తోశాడు.

విట్‌మర్ కొట్టేసిన వాక్యాన్ని వేలితో తట్టాడు. "నేను ఒప్పుకోకపోతే ఎక్కడికి పోతావ్?"

"తెలీదు."

"మరి ఎందుకింత మొండితనం?"

"నేను అన్నిటికంటే చెత్తగా ఆడిన రోజు మీరు నాకు చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు నాకు ఇంకోసారి వద్దు."

విట్‌మర్ చెవులు ఎర్రబడ్డాయి. కలం తీసుకుని, కొట్టేసిన వాక్యం పక్కన తన పొట్టి సంతకం గీకాడు. చెయ్యి మాత్రం చాపలేదు. రోకో కూడా చాపలేదు.

నడవలోకి వచ్చి తలుపు మూసుకున్నాక రోకో డ్రెస్సింగ్ రూమ్ తలుపు మీది కాగితం ముందు ఆగాడు. అందరికంటే కింద ఉన్నది తన పేరే.