హాల్లోకి పోటు వచ్చే వేళ

పొద్దున్నే ఉప్పునీళ్ళు కలపడంతో చిన్నదాని రోజు మొదలవుతుంది. బకెట్లో ఉప్పు పోసి, కరిగేదాకా తిప్పి, వేలు ముంచి చూసి, గాజుతొట్టిలో పోశాకే కళ్ళజోళ్ళ దుకాణానికి పరుగు. అక్కడ సాయంత్రందాకా ఊరందరి అద్దాలూ తుడుస్తుంది. మనసేమో ఇంట్లో ఉన్న ఆ ఒక్క అద్దం వెనకాలే ఈదుతూ ఉంటుంది.

ఇప్పుడా అద్దం వెనకున్నది రాస్ అనే జాతి సముద్రపు చేప. నిప్పురవ్వలాంటి ఎరుపు, దాని మీద పచ్చగీతలు. తొట్టిలో పుట్టిపెరిగింది కాదు, నడిసముద్రంలో వలేసి పట్టింది. చేపల ప్రదర్శనశాలలో ఉద్యోగం అడగడానికి వెళ్తే అక్కడి పెద్దాయన దీన్ని చేతిలో పెట్టి, "వారంలోగా నీ చేత్తో తినిపించు, ఉద్యోగం నీదే" అన్నాడు.

చేప వచ్చిన రోజు నుంచీ హాల్లోకి పోటు వస్తోంది. వాళ్ళది మూడో అంతస్తు. రోజుకి రెండుసార్లు నీళ్ళు మెట్లెక్కి వచ్చి, మోకాళ్ళదాకా నిలబడి, గంటయ్యాక దిగిపోతాయి. అమ్మ కుట్టుమిషన్ని బల్లెక్కించింది. బాబాయి కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు.

చేప మాత్రం వచ్చీ రాగానే ఇసుకలో దూరింది. ఆరు రోజులైనా బయటికి రాలేదు.

"అది ఎప్పుడో పోయిందే పిచ్చిమొహమా!" అన్నాడు బాబాయి.

"పోలేదు బాబాయ్, బెంగ పెట్టుకుంది. తవ్వితే ఇంకా హడలిపోతుంది. నువ్వు ముట్టుకోకు."

"రేపు పెళ్ళికొడుకు కోసమైనా ఇంత ఎదురుచూస్తావుటే?"

ఏడోరోజు ఆదివారం, దుకాణానికి సెలవు. మధ్యాహ్నం చిన్నది వంటింట్లో రొయ్య ముక్కలు కోస్తుంటే, బాబాయి ఉండబట్టలేక తొట్టి మీది వలమూత తీసి, గరిటెతో ఇసుక కెలికాడు. అంతే! చేప ఛెంగున ఎగిరి బయట పడింది.

అదృష్టం, అప్పటికి హాల్లో నిండా పోటు.

చేప కుర్చీల కింద నుంచి, బల్లకాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయింది. రెక్కలు మొదటిసారి పూర్తిగా విప్పింది. ఎంత అందం! అంతలో నీళ్ళు వెనక్కి పోవడం మొదలైంది. చేప కూడా వాటితోపాటే గుమ్మం వైపు సాగింది.

చిన్నది పరిగెత్తి గుమ్మంలో మోకాళ్ళ మీద కూలబడింది. వల తీసుకోలేదు. రొయ్యముక్క పెట్టిన అరచెయ్యి నీళ్ళలో చాపింది.

"వెళ్తే వెళ్ళు తల్లీ. తినేసి వెళ్ళు. ఏడు రోజులైంది" అంది.

చేప ఆగింది. అటు మెట్ల వైపు చూసింది, ఇటు చేతివైపు చూసింది. తర్వాత వచ్చి, ముక్క అందుకుని, ఆమె అరచేతిలోనే నిలబడి నమిలింది.

"ఇంకో ముక్క పెట్టమ్మా" అన్నారెవరో.

తలెత్తి చూస్తే, వారం గడువు తీరిందని చూడ్డానికొచ్చిన ప్రదర్శనశాల పెద్దాయన. ప్యాంటు మడుచుకుని, బూట్లు చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"సోమవారం ఎనిమిదింటికి వచ్చెయ్. దీన్నీ తీసుకురా. మూత జాగ్రత్త."

"ఆ మూత తీసింది నేనేనండీ!" అన్నాడు బాబాయి, అదేదో ఘనకార్యంలాగా.

సోమవారం చిన్నది బకెట్లో చేపతో వీధిలోకి దిగింది. ఆమె వెనకే మూడంతస్తుల మెట్లూ దిగి పోటు కూడా బయల్దేరింది. బస్సులు ఆగాయి. జనం చెప్పులు చేతికి తీసుకుని, పక్కకి జరిగి, ఆమెకి దారిచ్చారు.