జీతాలు: లేవు

పెరుగన్నం కలుపుతున్నాను. ముద్దలు ఐదుగురికి, అందులో నా కడుపున పుట్టినవాడు ఒక్కడే. మిగతా నలుగురూ మా కాలనీలో ఉద్యోగాలకు పోయే తల్లుల పిల్లలు. "జర చూస్కో వదినా, గిట్ల పోయి గట్ల ఒస్త" అని ఎనిమిదిన్నరకు గడప దగ్గర దించిన తల్లులు సాయంత్రం ఆరుకు గానీ కనపడరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే అరుణమ్మ కూతురు నా దగ్గరే నడక నేర్చింది. ఇన్నేళ్లలో నాకు ముట్టింది దసరాకు ఒక జాకెట్టు ముక్క, "నీ చేతుల ఏమున్నదో గని నా బిడ్డ నీ దగ్గర్నే తింటది" అన్న మాట. జాకెట్టు ముక్క పొట్టిదైంది.

మా ఆయన జనార్ధన్ బస్సు డిపోలో గుమాస్తా. టిఫిన్ డబ్బా అందుకుని, పిల్లలను దాటుకుంటూ స్కూటరు దగ్గరికి పోతూ, "ముందు గది ఒకటో తారీఖుకు ఖాళీ అయితది. మా డిపో ఆయనొకడు కిరాయికి అడుగుతున్నడు. మాట ఇచ్చేస్త" అన్నారు.

"ఆ గదిల పిల్లలను చూసే సెంటర్ లెక్క పెడితే..." అన్నాను.

"ఇప్పుడు చూస్తనే ఉన్నవు గద. ఇంట్ల ఖాళీగ కూసుండేదానికి మళ్ల గది ఎందుకు?"

ఖాళీగా కూర్చున్న నేను మిగతా ముద్దలు నిలబడే పెట్టాను.

ఆడవాళ్లు సొంతంగా ఏదైనా పెట్టుకుంటే బ్యాంకులో లోను ఇస్తున్నారనీ, అయితే ప్రాజెక్టు రిపోర్టు కావాలనీ అరుణమ్మే చెప్పింది. సాంబమూర్తి అని బ్యాంకులో రిటైరైన ఆయన దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు ఎదురుగా, బట్టల దుకాణం మీద గదిలో కూర్చుని అవి రాసిపెడతాడట. రెండో శనివారం, తల్లులందరూ ఇళ్లలో ఉన్న రోజు చూసుకుని, కూరగాయలకు పోతున్నానని అత్తమ్మకు చెప్పాను.

"గంత దూరం పోవాల్నా?" అంది మా అత్త అండాలమ్మ.

"ఆడ అగ్గువ అత్తమ్మా."

"మరి సంచి ఏది?"

సంచి తీసుకుని బయటపడ్డాను. కోఠీలో బి.ఏ. చదివినదాన్ని, పరీక్ష హాల్లో కూడా ఇంత భయపడలేదు. ఎల్బీనగర్ నుంచి బస్సులో ఎవరు ఎక్కినా మా ఆయన డిపో మనిషే అనిపించింది. కండక్టరు టిక్కెట్టు అడిగితే చేసిన నేరం ఒప్పుకోబోయాను.

సాంబమూర్తి గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. నన్ను చూడకుండా నా వెనకనున్న తలుపును చూశాడు. "మీవారు కింద ఉన్నారా అమ్మా?"

"డ్యూటీల ఉన్నరు సార్."

"సర్లెండి, కూర్చోండి. తుర్కయంజాల్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ కోళ్ల షెడ్డు లేచినా రిపోర్టు నేను రాసిందే. ఒక్కటి వెనక్కి రాలేదు." పది ప్రశ్నలు అడిగాడు, మూడింటికి జవాబు విన్నాడు. చీర కొనుక్కోమని మా అమ్మ ఇచ్చిన డబ్బులో సగం అడ్వాన్సుగా తీసుకుని, వచ్చే శనివారం రమ్మన్నాడు.

ఆ వారమంతా చెమటతోనే గడిచింది. మా ఆయన ఇంట్లో నా పేరు పిలిస్తే చాలు, ఎవరో చెప్పేశారనుకునేదాన్ని. పిలిచింది బనియను కోసం.

శనివారం పిల్లలను కాసేపు అత్తమ్మకు అప్పగించి మళ్లీ కూరగాయలకు పోయాను. మూడు కాపీలు సిద్ధంగా ఉన్నాయి, ఇంగ్లిషులో, అచ్చం ఆఫీసు కాగితాల్లా. నా చేతి చెమటకు కార్బన్ వేళ్లకంటింది. నాలుగో పేజీలో ఆగిపోయాను. మొదటి నెలలో నూటికి ఐదుగురు పిల్లలు చనిపోవడం మామూలేననీ, ఆ నష్టాన్ని ముందే పరిగణించామనీ రాసి ఉంది.

"సార్, గీ ఐదుగురు ఎవరు?"

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "అయ్యో. కోళ్ల రిపోర్టు ముందు పెట్టుకుని కొట్టాడమ్మా టైపిస్టు. కోళ్లు తీసి చిల్డ్రన్ అని పెట్టమన్నాను. ఇంకేమైనా ఉన్నాయా?"

"ఎనిమిది వారాలకు అందరు అమ్ముడు వోతరని ఉన్నది."

ఇద్దరం నవ్వాం. ఈ తప్పులు ఇప్పుడే దిద్దేద్దామని, పక్కన పెట్టుకుని చూడటానికి ఆ పాత రిపోర్టు కూడా అడిగాను. అందులో ఆరో పేజీలో కోళ్లను చూసుకోవడానికి ఇద్దరు మనుషులు, వాళ్ల నెల జీతం ఉన్నాయి. నా రిపోర్టులో సరిగ్గా అదే చోట: జీతాలు లేవు, యజమానురాలు గృహిణి. ఇది టైపిస్టు తప్పు కాదు. పాత కాగితం మీద సాంబమూర్తే పెన్నుతో కొట్టేసి, తన చేత్తో దిద్ది ఇచ్చాడు.

"కోళ్లను చూసేటోనికి జీతం రాసిన్రు. నాకు రాయలే."

"అది పని కదమ్మా. ఇది మీరు ఇంట్లో ఎలాగూ చేసేదే. ఖర్చు తగ్గితే లాభం కనపడుతుంది. మీ మేలుకే చేశాను."

"రాస్తే?"

"లాభం సన్నబడుతుంది. లోను రాకపోతే నన్ననకూడదు."

కింద బస్సులు అరుస్తున్నాయి. జీతం రాయిస్తే లోను పోవచ్చు. లోను పోతే ఒకటో తారీఖుకు గదిలోకి డిపో మనిషి దిగుతాడు, నేను మళ్లీ వరండాలో ముద్దలు కలుపుతాను. రాయించకపోతే లోను రావచ్చు, గదీ దక్కవచ్చు, ఐదుగురు పిల్లలు పదిహేనుమంది కావచ్చు. నా పేరు ఎదుట ఆ "లేవు" మాత్రం అట్లాగే ఉండి, దాని మీద బ్యాంకు ముద్ర కూడా పడుతుంది. ఇన్నాళ్లూ నా విలువ ఇంట్లోవాళ్లు నోటితో అన్న మాటే; ఇకమీద మూడు కాపీలుంటాయి, వాటి కింద సంతకం నాది. వారం రోజులుగా అత్తకు, మొగుడికి, ఇంకా మొహం కూడా చూడని బ్యాంకు మేనేజరుకు భయపడ్డాను. ఆ ఒక్క మాటకు పడ్డంత భయం ఎవరికీ పడలేదు.

"రాయున్రి సార్. ఇద్దరిది వద్దు, ఒక్కరి జీతం సాలు. రాదేమో అనే భయం నేను పడత."

మళ్లీ టైపు కొట్టించుకుని ఇంటికి తెచ్చాను. ఇక మిగిలింది అన్నిటికన్నా కష్టమైన గడప. ఇల్లు ఆయన పేరు మీద ఉంది కాబట్టి, ముందు గది వాడుకోనిస్తున్నట్టు ఆయన సంతకం లేనిదే బ్యాంకు రిపోర్టు ముట్టదు. ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు తోముతూ చెప్పబోయే మాటలను పదిసార్లు వల్లె వేసుకున్నాను. తీరా ఆయన పేపరు చదువుతున్న కుర్చీ దగ్గరికి పోయేసరికి ఒక్కటీ గుర్తు లేదు. కాగితాలు ఒళ్లో పెట్టాను.

చదివారు. "గిదంత ఎప్పుడు చేసినవు?"

"రెండు శనివారాలు."

ఆరో పేజీ మీద ఆయన వేలు ఆగింది. "గీ జీతం ఎవరికి?"

బ్యాంకువాళ్లు అట్లా చూపించమన్నారని అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. మింగాను. "నాకు."

"నీ ఇంట్ల నువ్వు పిల్లలను చూస్తే నీకు జీతమా?"

"అవును."

పక్కన బియ్యంలో రాళ్లేరుతున్న అత్తమ్మ చెయ్యి చాటలోనే ఆగిపోయింది. ఆయన కాగితం మీంచి తలెత్తి వంటింటి వైపు చూశారు, దండెం మీది తన చొక్కాల వైపు చూశారు, తల్లి వైపు చూశారు. గొంతు తగ్గించి, "రేపు ఇంట్ల పనికి గూడ అడుగుతవా ఏంది?" అన్నారు.

ఆ గొంతును నేను గుర్తుపట్టాను. వారం రోజులుగా నా లోపల మాట్లాడిన భయపు గొంతు అదే. అది ఈ ఇంట్లో ఇంకొకరి నోట్లోంచి రావడం నేను వినడం మొదటిసారి.

"దానికి ఇంకా రిపోర్టు రాయించలే," అని, సంతకం పెట్టవలసిన చోట వేలు ఉంచాను.