కొత్త పెట్రోల్ పైపు

ఆదివారం మా ఆయన తిలకసిరి కారు బానెట్ ఎత్తాడంటే టార్చి పట్టుకోవలసింది నేనే. పదకొండేళ్లు పట్టుకున్నాను. మామగారు వదిలివెళ్లిన మోరిస్ మైనర్ అది. మా ఊరు గంపొలలో దానికున్న మర్యాద నాకు లేదు. గ్రీజు గుడ్డలు ఉతకడం, స్పానర్లు తుడవడం నా పని. నేను లోపలికి చెయ్యి చాపితే మాత్రం, "వెలుతురు చూపించు కుసుమా, చాలు," అనేవాడు.

నాకు లైసెన్సు ఉంది. ఆ పదకొండో యేడు ఒక్కదాన్నే మూడుసార్లు నడిపాను. అమ్మ కంటి ఆపరేషన్‌కి, స్నేహితురాలి ఇంటికి, హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగం ఇంటర్వ్యూకి. మూడుసార్లూ క్యాండీ రోడ్డు మిట్ట దగ్గర కారు దగ్గి ఆగిపోయింది. ఫోన్ చేస్తే తిలకసిరి ఆటోలో వచ్చేవాడు. నన్ను రోడ్డు పక్కన నిలబెట్టి, బానెట్ కింద రెండు నిమిషాలు తల దూర్చేవాడు. కారు బుద్ధిగా కదిలేది. పెట్రోల్ పైపు పాతబడిందనీ, నా చెయ్యి కారుకి పడదనీ అనేవాడు. కారు కూడా ఇల్లాలి లాంటిదే, ఒక్కడి మాటే వింటుందని అత్తగారు నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అదే ఇప్పటికీ నాకు సిగ్గు.

అదే పైపుతో అతను కొండమీది నువర ఎలియ దాకా వెళ్లొచ్చేవాడు. పాత రబ్బరుకి నా ప్రయాణాలు ఎలా తెలుస్తున్నాయి? బట్టలు ఆరేస్తూ అలా అనుకుని, వెంటనే నన్ను నేనే తిట్టుకునేదాన్ని. నాకోసం ఎండలో చెమటలు కక్కుతూ వచ్చిన మనిషిని అనుమానిస్తానా, నాదేం బుద్ధి అనుకునేదాన్ని. మర్నాడు అన్నం వారుస్తుంటే అదే ఆలోచన మళ్లీ వచ్చేది.

వచ్చే శనివారం రెండో ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చింది. మంగళవారం బడి ఎగ్గొట్టి మెకానిక్ పియసేన బాస్ షెడ్డుకి కారు తీసుకెళ్లాను. పైపు నేనే మార్చుకుంటాను, చూపించమన్నాను. ముసలాయన వింతగా చూసినా కాదనలేదు. పెట్రోలు కారకుండా ముందు చిన్న ఇనుప క్లిప్పుతో పైపు నొక్కిపట్టాలన్నాడు. పాత పైపు ఊడదీశాను, కొత్తది ఎక్కించాను, బిగించాను. మోచేతుల దాకా పెట్రోలు వాసన. పాతదాన్ని ఆయన వెలుతురులో వంచి చూశాడు. ఎక్కడా పగుల్లేదు. మేం క్లిప్పు పెట్టిన చోట కాదు, మధ్యలో ఒకేచోట పాత నొక్కులు పడి ఉన్నాయి.

"ఇది ముసలితనం కాదు టీచరమ్మా. ఎవరో క్లిప్పు పెట్టారు. సగం బిగిస్తే చదునులో నడుస్తుంది, మిట్ట మీద పెట్రోలందదు." పైపు నా చేతికిచ్చి, "నేనేమీ అనలేదు," అన్నాడు.

ఇంట్లో చెప్పలేదు. శుక్రవారం వడ్డిస్తూ, రేపు కారులోనే వెళ్తానన్నాను. తిలకసిరి తల ఎత్తకుండా సరేనన్నాడు. కొబ్బరి సంబోల్ పచ్చడి ఇంకాస్త అడిగి వేయించుకున్నాడు.

శనివారం గేటు దాకా వచ్చి, "ఆగితే ఫోన్ చెయ్యి. బానెట్ ముట్టుకోకు," అన్నాడు.

వీధి మలుపు తిరిగాక ఆపి, బానెట్ ఎత్తాను. నల్లగా మెరుస్తున్న కొత్త పైపు మీద క్లిప్పు ఉంది. నిజమని తేలితే ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. అది కొత్త పైపని అతను చూశాడు. అయినా ఎవరు మార్చారని అడగలేదు. అడిగితే తానెందుకు చూశాడో చెప్పాలి మరి.

క్లిప్పు తీసి సంచిలో వేసుకున్నాను. మిట్ట ఎక్కుతున్నంతసేపూ కారు దగ్గనైనా లేదు.

విద్యాశాఖ ఆఫీసు వరండాలో ఫారం నింపుతుంటే ఫోన్ మోగింది.

"ఎక్కడ ఆగింది?" అన్నాడు తిలకసిరి.

ఆగిందా అని అడగలేదు.

క్యాండీలో ఉన్నానని చెప్పి పెట్టేశాను. దూరపు బడి ఇస్తే క్వార్టర్స్‌లో ఉండటానికి సమ్మతమేనా అని ఫారంలో అడిగారు. సమ్మతమే అని రాసి, కింద నా సంతకం పెట్టాను.