గురుగ్రహాన్ని అతికిన చెయ్యి

"కండెలు అయిపోయినాయి, సూడు!" అని అత్త మహాదేవమ్మ కేకేసేసరికి సుధారాణి ల్యాప్‌టాప్ మూసి రాట్నం ముందు కూచుంది. ఎమ్మిగనూరులో మగ్గమున్న ఇల్లు. మగవాడు నేస్తాడు. ఆడది కండెలు చుడుతుంది, పడుగు అయిపోతే దాని కొసలకు కొత్త పడుగును, అంటే కొత్త అచ్చును, పోగు పోగూ అతుకుతుంది, వంటా చేస్తుంది. అయినా నేసిందెవరంటే మగవాడే. సంఘం కార్డు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు అన్నీ మొగుడు నాగేష్ పేరనే. ఆ అలవాటే కొంప ముంచింది.

గురుగ్రహం చుట్టూ పోయే అంతరిక్ష నౌక ఒకటుంది. అది బొంగరంలా తిరుగుతూ ఫొటోలు తీస్తుంది. అవి ముక్కలుగా వస్తాయి, ఎరుపు వేరు, పచ్చ వేరు, నీలం వేరు. ఎవరైనా తీసుకుని అతకొచ్చని నౌకను పంపినవాళ్ళు వాటిని నెట్‌లో పెడతారు. ఆదోనిలో బీఎస్సీ చదివిన సుధారాణి, అత్త కునుకు తీసే మధ్యాహ్నాల్లో మూణ్ణెల్లు కూచుని ఒక బొమ్మ అతికింది. పంపేటప్పుడు పేరు అడిగితే చెయ్యి దానంతటదే నాగేష్ అని కొట్టేసింది. ఎంత పిచ్చిదమ్మా! బొమ్మ నచ్చి వాళ్ళు నెట్‌లో పెట్టారు, కింద నాగేష్ పేరుతో.

పేరు మార్పిద్దామంటే నాగేష్ నవ్వాడు. "నాదైతేనేమి, నీదైతేనేమి? మనమేమన్నా వేరా?"

"ఆడదాని పేరు ఊరంతా మోగాల్నా?" అంది అత్త.

వేరు కాకపోతే నా పేరే పెట్టొచ్చు కదా అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. పెళ్ళయిన పదకొండేళ్ళుగా మింగడమే ఆమె పని. ఇప్పుడు ఆదోనిలో ఒక బడివాళ్ళు నాగేష్‌కు శాలువా కప్పుతామన్నారు. "నాలుగు మాటలు రాసియ్యి సుధా" అన్నాడు, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా. ఒళ్ళు మండింది, ఏడుపొచ్చింది. అయినా రాసిచ్చింది, చొక్కా కూడా ఇస్త్రీ చేసిచ్చింది.

అతను పోయిన రెండు గంటలకు ఫోను మోగింది.

"సుధా, ఒక పాప అడుగుతాండాది, నౌక తిరుగుతా ఉంటే ముక్కలు యెట్ల కుదిరినాయని. బిరీన సెప్పు, అందరూ సూస్తాండారు!"

మగ్గానికి కొత్త అచ్చు అతికినట్టే. ముందు అంచు పోగులు కుదుర్చుకుంటే నడిమివి దారికొస్తాయి. ఆమె కూడా ముందు గ్రహం అంచే కుదిర్చింది, రంగులు తర్వాత. రెండు మాటల్లో చెప్పేయొచ్చు. నాగేష్ అప్పజెప్పేస్తాడు, చప్పట్లు కొడతారు, సాయంత్రం శాలువా మడత పెట్టి బీరువాలో పెట్టేది మళ్ళీ తనే.

రాట్నం ఆపింది.

"ఫోను స్పీకర్‌లో పెట్టు."

"ఏంటికి?"

"పెట్టు."

అత్త వంటింట్లోంచి తొంగి చూసింది. ఫోనులో పిల్లల గోల వినిపించి, సద్దుమణిగింది.

"పాపా, నా పేరు సుధారాణి. ఆ బొమ్మ అతికింది నేనే."